ఒక్క మాటకి ఎంత డీజిల్

షావుకారు గారి తెల్లకారు పుట్టినప్పుడు పెట్రోలు కారే. మా చోడవరం వచ్చాక ఆ ఇంజను దింపేసి డీజిల్ ఇంజను బిగించారు. తొంభైలలో ఇది వింత కాదు. పెట్రోలు భరించలేని వాళ్లు చాలామంది అదే పని చేశారు. ఒళ్లొకటి, గుండె ఇంకొకటి కాబట్టి టాక్సీ స్టాండులో దాన్ని అర్ధనారి అనేవారు. అది సందు మలుపు తిరగక ముందే, "అర్ధనారి వస్తందిరా, సెవులు మూసుకోండి" అని ఎవడో ఒకడు కేకేసేవాడు.

ఆ కారు నడిపేది మా బావ, అంటే మా అక్క భర్త. షావుకారు గారిది ఎరువుల వ్యాపారం. చోడవరంలో కొట్టు, వడ్డాదిలో గోదాము. పొద్దున్నే గోవాడ మీదుగా వడ్డాది వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం ఆయన దినచర్య. నేను అప్పుడే విశాఖపట్నంలో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, అప్రెంటిస్ పిలుపు కోసం ఎదురుచూస్తూ అక్క ఇంట్లో ఉంటున్నాను.

గొడవ మైలేజీ దగ్గర మొదలైంది. వానాకాలంలో లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లు నడిచిన కారు, గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడడం మొదలయ్యాక పదికి పడిపోయింది. షావుకారు గారు బావని దొంగ అనలేదు. అంతకన్నా చెడ్డ పని చేశారు. బంకు దగ్గర నలుగురు డ్రైవర్లు వింటుండగా, "పోసిందంతా ఎటెల్తందో ఆ ట్యాంకుకే తెలియాల" అన్నారు.

డ్రైవరు ముందు ఆ మాట అంటే అర్థం ఒక్కటే: ట్యాంకులో గొట్టం పెట్టి డీజిల్ లాగి అమ్ముకుంటున్నాడని. ఆ పేరు ఒకసారి పడిందా, చోడవరంలో ఇంకెవరూ కారు తాళం చేతికివ్వరు.

బావ మధ్యాహ్నం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"మానేద్దారంటే, దొరికిపోయి మానేసేడంటారు. ఉందారంటే రోజూ ఇదే సూపు. ఏటి సెయ్యమంటావే?" అని అక్కని అడిగాడు.

అక్క నావైపు తిరిగింది. "నువ్వు సదివింది ఇంజన్ల సదువే కదేట్రా? గుడ్లప్పగించి సూస్తావేటి?"

నాకు కావలసింది ఆ మాటే. మైలేజీ తగ్గడానికి ఉన్న కారణాలన్నీ వరసగా మనసులో పెట్టుకున్నాను. టైర్లలో గాలి తక్కువ కావడం, బ్రేకులు చక్రాన్ని పట్టేసి ఉండడం, ఎయిర్ ఫిల్టరులో దుమ్ము, ఎక్కడైనా డీజిల్ కారడం, డ్రైవరు కాలి బరువు, దొంగతనం. మొదటి నాలుగూ ఆ సాయంత్రమే కారు కింద దూరి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కాలి బరువు సంగతి నాకు ముందే తెలుసు. బావ గేరు మారిస్తే ఒళ్లో నిద్రపోయే పిల్ల కూడా లేవదు.

మిగిలింది దొంగతనం. అది లేదని తేల్చడానికి ఒకటే దారి. ట్యాంకు మూతి దాకా నింపాలి, మామూలుగా తిరిగే దారిలో తిరగాలి, మళ్లీ అదే బంకులో అదే మూతి దాకా నింపాలి. రెండోసారి ఎంత పట్టిందో అంతే కారు తాగినట్టు. ఆ మధ్యలో కారుని ఎవరూ ఒంటరిగా వదలకూడదు. వెళ్లి షావుకారు గారికి ఇదే చెప్పాను.

"సరే ఇంజినీరు బాబూ, నానూ వస్తాను. ట్యాంకు పక్కనే కూకుంటాను" అన్నారాయన.

మర్నాడు బయల్దేరాం. ఫ్యాక్టరీలో ఏదో శుభ్రం చేసే పని ఉండి ఆ రోజు చెరకు ఆడడం ఆపారు. రోడ్డు మీద ఒక్క బండి లేదు. షావుకారు గారు వెనక సీట్లో జారగిలబడి గోవాడ దాటక ముందే గుర్రు పెట్టారు. వడ్డాది వెళ్లాం, వచ్చాం, బంకులో నింపించాం. భాగించి చూస్తే లీటరుకి సరిగ్గా పద్నాలుగు.

షావుకారు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే కారుకి ఏ రోగమూ లేదన్నమాట" అన్నారు. ఇంకేమీ అనవలసిన అవసరం కూడా లేదు. కారు మంచిదైతే చెడ్డవాడు ఎవరో బంకులో గొట్టం పట్టుకున్న కుర్రాడికి కూడా అర్థమైంది.

ఇంటికి నడిచి వస్తుంటే బావ, "బాగా నిరూపించేవురా బావమరిదీ. పోలీసులు కూడా ఇంత బాగా సెయ్యలేరు" అన్నాడు.

నా లెక్కలో తప్పు లేదు, ఆ నమ్మకం నాకుంది. పద్నాలుగు నిజం. పదీ నిజమే. ఒకే కారుకి రెండు నిజాలుంటే తేడా కారు బయటే ఉండాలి. కొత్త కారుతో ఇచ్చే పుస్తకంలో రాసిన మైలేజీ ఎప్పుడూ ఖాళీ రోడ్డు మీదిదే. మేం ఆ రోజు కొలిచింది అలాంటిదాన్నే.

"బావా, ఈయాల్టికీ మిగతా రోజులకీ తేడా ఏటి?" అని అడిగాను.

"రోడ్డు మీద బళ్లు లేవు. ఇంకేటి, షావుకారు నోరు మూసుకుని తొంగున్నాడు" అన్నాడు బావ కోపంగా.

అతను తిట్టాడు. నేను దాన్ని ఏడో కారణంగా చేర్చుకున్నాను.

ఫ్యాక్టరీ మళ్లీ మొదలైన రోజున షావుకారు గారిని ఇంకొక్కసారి రమ్మన్నాను. "ఇంకా ఏటి తేలాల?" అని గొణిగారు గానీ వచ్చారు. ట్యాంకు మూతి దాకా నింపి బయల్దేరాం. నేను ముందు సీట్లో వాచీ చూసుకుంటూ కూర్చున్నాను.

గోవాడ ఇంకా దూరముండగానే చెరకు బళ్లు తగిలాయి. రోడ్డుకి ఒక పక్కంతా ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు, కాటా కోసం వరసగా నిలబడి ఉన్నాయి. బళ్ల మీద రైతులు. ఆ రైతుల్లో సగం మంది షావుకారు గారి దగ్గర ఎరువులు కొనేవాళ్లే.

"ఆపు, ఆపు. ఒక్క మాట" అన్నారు షావుకారు గారు. బావ పక్కకి తీశాడు. "ఇంజను ఆపకు. మళ్లీ ఎవులు తోస్తారు?" కారు బ్యాటరీ ముసలిదైపోయింది. ఇంజను ఆపితే నలుగురు తోస్తే గానీ అంటుకునేది కాదు.

ఆయన అద్దం దించారు. "ఏటోయ్, పంటెలా ఉంది?"

"ఏటుంది బాబూ, మీరిచ్చిన మందుకి సెరుకు కంటే గడ్డే బాగా పెరిగింది" అన్నాడు రైతు బండి మీంచి.

"గడ్డి పీకడం మానేసి నన్నంటావేట్రా?"

"పీకేవోడు దొరికితే కదా? మా గుంటడు పట్నంలో కంపెనీకెల్లిపోయేడు. మీ డ్రైవరుని పంపండి, పీకుతాడు."

ఒక్క మాట అలా సాగింది. అర్ధనారి నిలబడి దడదడలాడుతూనే ఉంది. అది పూర్తయ్యాక బళ్ల వెనక మొదటి గేరులో కొంచెం పాకాం. మళ్లీ "ఆపు, ఒక్క మాట. ఇంజను ఆపకు." ఈసారి ఇంకో రైతు కూతురి పెళ్లి సంబంధం. ఆ తర్వాత ఎవరిదో ఎద్దు కుంటడం. వడ్డాది నుంచి తిరుగు దారిలో పొద్దున్న పలకరించిన వాళ్లే ఇంకా కాటా దగ్గర నిలబడి ఉంటే, ఆయన పొద్దున్న మరిచిపోయిన మాట కోసం మళ్లీ ఆపించారు. బావ ఒక్కసారి నా వైపు చూసి, వెంటనే రోడ్డు వైపు తిరిగిపోయాడు. నవ్వకుండా ఉండడానికి అతను పడిన పాట్లు నాకు తెలుసు.

బంకులో నింపించాం. లీటరుకి పది. చుట్టూ స్టాండు డ్రైవర్లు మూగారు.

"ఇదేటి?" అన్నారు షావుకారు గారు. "దారి అదే కదా?"

"దారి అదేనండి, కారూ అదే. పొద్దున్నుంచీ ట్యాంకు పక్కన ఉన్నది మీరే. ఎవులైనా గొట్టం పెట్టేరా?"

"లేదు."

"కారు నిలబడి ఉన్నప్పుడు డీజిల్ తాగుద్ది, కిలోమీటర్లు రావు. ఈయాల కారు ఎంతసేపు నడిచిందో అంతసేపూ నిలబడింది. వాచీ చూసేను. కొంత బళ్ల వెనక పాకడానికి పోయింది, దానికెవరూ ఏం చెయ్యలేరు. మిగతాది 'ఒక్క మాట'కి పోయిందండి."

ఆయన ఆ మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటున్నట్టు గోవాడ వైపు చూశారు. డ్రైవర్లలో ఒకడు ఆగలేక, "బాబూ, పెళ్లి సంబంధానికి ఎన్ని లీటర్లయిందేటి?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. షావుకారు గారికి కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆయన కూడా పొట్ట కదిలేలా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, అందరికీ వినపడేలా, "ఒరే, మా కారు తాగుబోతూ కాదు, మా డ్రైవరు దొంగా కాదు. నానే వాగుబోతుని" అన్నారు.

అందరూ బావ వైపు చూశారు. అతను ట్యాంకు మూత గట్టిగా బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆ మాట రేపు కూడా అనాలండి" అన్నాడు. "ఈయాల స్టాండులో సగం మందే ఉన్నారు."

మర్నాడు పొద్దున్న షావుకారు గారు కారు ఎక్కక ముందు స్టాండుకి నడిచి వెళ్లి, మిగతా సగం మందికీ చెప్పి వచ్చారు.