డ్యాములో పన్నెండు రోజుల నీరు

ఎం.టెక్‌లో నా ప్రాజెక్టు డ్యాము నుంచి నీరు వదలడం గురించి. వానాకాలంలో ఎంత వదలాలి, ఎంత దాచుకోవాలి? రాబోయే వాన ఎంతో ఎవరికీ తెలియదు. డ్యాము నిండుగా ఉన్నప్పుడు వరద వస్తే ప్రమాదం. ముందే వదిలేశాక వానలు మొహం చాటేస్తే పొలాలకూ, ఉక్కు ప్లాంటుకూ, భిలాయిలో మా కుళాయిలకూ కటకట. పాత సంవత్సరాల్లో నీరు ఎలా వచ్చిందో చూసి, రాబోయే రోజులకు ఉన్న అవకాశాలన్నీ లెక్కగట్టి, ఏ రోజు ఎంత వదలాలో చెప్పే ప్రోగ్రాము రాశాను. తొంభైల మధ్య మాట ఇది. కాలేజీలో ఉన్న ఒక్క మంచి కంప్యూటరు మీద నా వంతు మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చేది.

డ్యాము పాత రిజిస్టర్లలో ఒక ఏడాది ఆగస్టు నన్ను ఆపేసింది. వరసగా పన్నెండు రోజులు డ్యాములో మట్టం రోజుకి సరిగ్గా ఒకే కొలత పెరిగింది. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. వాన అలా పడదు.

అక్కడ రీడింగులు తీసే ఆయన నాన్నకి తెలిసినవాడే. ఇద్దరిదీ విజయనగరం వైపు. నాన్న ప్లాంటు పంపుహౌసులో చేరితే, ఆయన డ్యాము మీద కుదురుకున్నాడు. ఓ ఆదివారం సెక్టర్ 4 నుంచి నాన్నా నేనూ బస్సెక్కి వెళ్లాం. ఆయన భార్య అన్నం పెట్టింది. తిన్నాక రిజిస్టరు జిరాక్సు ఆయన ముందుంచాను.

"బాబాయ్, ఈ బారా దిన్ నీళ్లు రోజూ ఒకేలాగ ఎలా పెరిగాయి?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని అంకెల వెంట వేలు పెట్టి చూశాడు.

"ఇది నాను రాసిందే తల్లీ. కానీ సూసి రాసింది కాదు."

ఆ ఏడు ఆయన భార్యకి కడుపులో పుండు పగిలి భిలాయి ఆసుపత్రిలో చేర్చారట. బదులు మనిషి లేడు కాబట్టి సెలవు కుదరదన్నారట. చెప్పకుండా వెళ్లిపోయాడు.

"ఎల్లిన్నాటి అంకె నిజం. వొచ్చిన్నాటి అంకె నిజం. మద్దిలో పెరిగిందాన్ని రోజులన్నిటికీ సమానంగా పంచీసేను."

"మరి నిజంగా ఎలా పెరిగింది?"

"మూడో రోజు ఒక్కనాడే గేట్ల అంచుదాకా ఎక్కీసిందట. తరవాత కదల్నేదట. గేటు మనిషి సెప్పేడు."

ఆయన భార్య కంచాలు తీస్తూ ఆగింది. "అన్ని రోజులూ నా మంచం కాడే కూకున్నారమ్మా," అంది.

తిరుగు బస్సు దుర్గ్ దాటాక నాన్న అడిగాడు.

"ఆయన సంగతి రాసేస్తావేటి?"

"రాయను."

"మరి ఆ అంకెలు అలాగే ఉంచీస్తావేటి?"

"అదీ చెయ్యను నాన్నా."

ఎలా చెయ్యాలో మాత్రం నాకు తెలియలేదు. మర్నాడు మా గైడుతో, ఆ పన్నెండు రోజులూ రీడింగు తీయలేదని, నీరంతా ఒక్క రోజులో వచ్చిందని అక్కడివాళ్లు చెప్పారని అన్నాను.

"ఎవరి జ్ఞాపకమో డేటా ఎలా అవుతుంది?" అన్నారాయన.

"సమానంగా పంచిన అంకె కూడా డేటా కాదు కదా సర్."

చివరికి ప్రోగ్రామును రెండు విధాలుగానూ నడిపి చూడమన్నారు.

పాత అంకెలతో నడిపితే, ఆగస్టు మొదట్లోనే డ్యాము నిండా నింపుకోవచ్చని వచ్చింది. ఒక్క రోజు వరదను లెక్కలోకి తీసుకుంటే, కొంత ఖాళీ ఉంచమంది. ఆ ఖాళీ ఉంచితే, వానలు చాలని ఏళ్లలో వేసవికి నీళ్లు తగ్గుతున్నాయి. అంతవరకూ తెలియనిదంతా ఆకాశంలోనే ఉందనుకున్నాను. రిజిస్టరులోనూ ఉంటుందని అప్పుడే అర్థమైంది. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆ స్థితిలో నేనైనా మంచం దగ్గరే కూర్చునేదాన్ని.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, రెండింట్లో ఏది సరైనదని అడిగాడు.

"తెలియదు సర్. తెలియదు కాబట్టే ఖాళీ ఉంచమంటాను."

ఆయన తల ఊపి పేజీ తిప్పాడు. పాసయ్యాను.

రిపోర్టు కాపీ ఒకటి డ్యాము ఆఫీసుకి పంపాం. నా ప్రోగ్రామును వాళ్లెప్పుడూ వాడలేదు. చివరి పేజీలో, వానాకాలంలో రీడింగులకి ఇద్దరు మనుషులు ఉండాలని ఒక వాక్యం రాశాను. పైఏడు జూన్‌లో రెండో మనిషిని వేశారు. ఆ శ్రావణంలో బాబాయ్ సెలవు పెట్టి, తమ్ముడి కూతురి పెళ్లికి భార్యతో కలిసి విజయనగరం వెళ్లాడు.