నాయన ఎంచిన హెడ్‌ఫోన్లు

మొన్న బెంగళూరు నుంచి ధర్మవరం వస్తుంటే రైల్లో నా ఎదుటి సీటులో ఒక అమ్మాయి కూర్చుంది. ఒడిలో కంప్యూటరు, చెవుల మీద గిన్నెలంతేసి నల్లటి హెడ్‌ఫోన్లు, వాటి అంచుల్లో నీలం దీపాలు. పాడుబడ్డ కోటలో తుపాకీ పట్టుకొని తిరిగే ఆట ఏదో ఆడుతోంది. హిందూపురం వచ్చిందీ చూడలేదు, పోయిందీ చూడలేదు. తెర మీద ఎవరూ లేకపోయినా ఉన్నట్టుండి ఎడమవైపుకు తిరిగి కాల్చింది. ఎడమ చెవిలో అడుగుల చప్పుడు వినబడి ఉంటుందని నాలో నేనే నవ్వుకున్నాను. నెరిసిన తలతో ఎదురుగా కూర్చున్న ఈ పెద్దామెకు ఆ సంగతి ఎలా తెలుసునో చెబితే ఆ పిల్ల నమ్మకపోవచ్చు గానీ, ఇంటిల్లిపాదీ ఒకే రేడియోకు చెవులు అప్పగించి పెరిగిన మన ఈడువాళ్లు నమ్ముతారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, డిగ్రీ ముగించి, హిందూపురంలో మా అమ్మ తమ్ముడి ఇంట్లో ఉండి కంప్యూటరు నేర్చుకొని, ధర్మవరంలో మా ఇంటి ముందరి గదిలోనే నాలుగు పాత కంప్యూటర్లు పెట్టుకొని సెంటరు తెరిచాను. ఆడపిల్లకు ఇదేం పనని వీధిలో కొందరు మూతి విరిచినా, మా నాయన మాత్రం ఆ గదిలో ఉన్న పట్టు మూటలన్నీ తానే మోసి లోపల సర్దుకొని నాకు చోటు చేసిచ్చాడు. ఆ గది వెనకే ఆయన మగ్గం. మధ్యలో ఒక్క గోడ, ఆ గోడకు తలుపు లేని ఒక దారి. మొదట్లో దరఖాస్తులు టైపు చేయడం, పరీక్షల ఫలితాలు చూసిపెట్టడం తప్ప నాకు పెద్ద పని ఉండేది కాదు. పెనుకొండ చిన్నమ్మ కొడుకు ధర్మవరంలో డిగ్రీ చదువుతూ రోజూ రైల్లో వచ్చిపోయేవాడు. వాడు ఒకరోజు ఒక సీడీ తెచ్చి, నాలుగు కంప్యూటర్లనూ తీగలతో కలిపి, ఇద్దరు ఒక పక్క, ఇద్దరు ఒక పక్క నిలబడి కాల్చుకునే ఆట పెట్టాడు. పది రోజుల్లో కాలేజీ అంతా నా గదిలోనే ఉంది. కుర్చీలు చాలక, చెప్పులు పెట్టుకునే అరుగు మీద కూడా కూర్చొని తమ వంతు కోసం చూసేవాళ్లు.

అయితే ఆ ఆట చప్పుడు లేకుండా ఆడేది కాదు. అవతలివాడు గోడ చాటున నడిచి వస్తుంటే వాడి అడుగుల సవ్వడిని బట్టే వాణ్ని పసిగట్టాలి. అందుకని ఎవరి స్పీకరు వాళ్లు పెంచడం, పక్కవాడి మోతలో తనది వినబడలేదని ఇంకొంచెం పెంచడం. మధ్యాహ్నమయ్యేసరికి మా ఇల్లు యుద్ధభూమి. నాయన కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. నేతపనిలో కంటికెంత పనో చెవికీ అంత పని. పడుగులో దారం తెగితే, అడ్డదారం మోస్తూ అటూ ఇటూ పోయే నాడె సవ్వడి మారుతుంది, ఆ మార్పు విని నేతగాడు చెయ్యి ఆపుతాడు. ఒకనాడు తుపాకుల మోతలో ఆ సవ్వడి నాయనకు వినబడలేదు. ఎవరిదో పెళ్లిచీర, అంచులో నెమళ్లు. చూసుకునేసరికి జానెడు మేర నెమళ్లకు తోకలు లేవు. ఆ జానెడూ విప్పడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆ దారిలో నిలబడి, పిల్లలంతా వెళ్లిపోయేదాకా ఆగి అన్నాడు.

"పాపా, నా మగ్గం నాకే వినబడకుండా ఉండాది. ఈ మోతయినా ఆపు, లేదంటే ఇంకో చోటయినా చూసుకో. పై ఆదివారం దాకా చూస్తా."

ఆయన కోపంగా అని ఉంటే నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. మెల్లగా అన్నాడు కాబట్టి ఏడుపొచ్చింది. ఇంకో చోటు చూసుకునే స్తోమత నాకు లేదు, సెంటరు మూస్తే మళ్లీ నా చేతికి ఏ పనీ లేదు. మర్నాడే బజారుకెళ్లి అగ్గువకు దొరికిన హెడ్‌ఫోన్లు నాలుగు తెచ్చాను. రెండు రోజులకే ఒకదానికి కుడి చెవి మూగబోయింది, ఇంకొకటి కణతలు పట్టి నొక్కుతుంటే పిల్లలు తలలు పట్టుకొని లేచేవాళ్లు. వాటిని పక్కన పారేసి మళ్లీ స్పీకర్లే పెట్టారు. అప్పుడు అమ్మ, హిందూపురంలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే తన తమ్ముడు, మా మామ ఉండగా ఈ అగచాట్లెందుకని, శనివారం పొద్దున్నే చిత్రాన్నం కట్టిచ్చి నన్ను పాసింజరు ఎక్కించింది. ఉతికిన పంచె కట్టుకొని నాయన కూడా బయలుదేరాడు. మామ మాటకారి, తనకు నచ్చినదేదో నాకు అంటగడతాడని ఆయన అనుమానం. పెనుకొండలో చిన్నమ్మ కొడుకు, మా తమ్ముడు ఎక్కాడు, ఎక్కీ ఎక్కగానే చిత్రాన్నంలో సగం వాడిదే అయింది.

మామ అంగడి బజారు మలుపులో ఉండేది. గోడ నిండా పొట్టలు విప్పిన రేడియోలు, సీసం కాలిన వాసన, ఒకరితో కన్నడంలో, ఇంకొకరితో తెలుగులో ఒకే ఊపిరిలో మాట్లాడే మా మామ. అప్పటికే కంప్యూటర్లు బాగుచేయడం కూడా మొదలుపెట్టి ఉన్నాడు. నా కష్టం విని బీరువా లోంచి నాలుగైదు రకాల హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పరిచాడు. వాటిలో ఒకటి ఎర్రది, బరువైనది, చెవినంతా కప్పేసేది. దాన్ని చూడగానే తమ్ముడి కళ్లు మెరిశాయి. పెట్టుకొని పాట విన్నాడు, డప్పు దరువుకు తల ఊపాడు, ఇక తీయనన్నాడు. నేను పెట్టుకున్నాను. నిజంగానే గుండెల్లో కొట్టినట్టుంది. మామ మీసం దువ్వుకొని, దుడ్లకు తగిన సరుకు అంటే ఇదేనన్నాడు.

నాయన దాన్ని పెట్టుకొని, పాట వద్దు, ఆ ఆటే పెట్టమన్నాడు. మామ తన కంప్యూటరులో ఆట పెట్టాడు. ఇంకెవరూ ఆడకపోయినా కంప్యూటరే శత్రువులను నడిపిస్తుంది. తమ్ముడు ఆడుతుంటే నాయన బెంచీ మీద కూర్చొని కళ్లు మూసుకొని విన్నాడు. కాసేపటికి తీసేశాడు. రెండోది, మూడోది కూడా అంతే. చివర్న ఒక మూల పడి ఉన్న సన్నటి నల్లది, చూడ్డానికి ఏమాత్రం అందం లేనిది పెట్టుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. ఉన్నట్టుండి బెంచీ మీద కొంచెం ఎడమకు జరిగి, పక్కన ఎవరో కూర్చోవడానికి వచ్చినట్టు చోటిచ్చాడు. మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

"ఎందుకు జరిగితివి బావా?" అన్నాడు మామ.

"కుడిపక్క ఎవరో వస్తాండారు కదప్పా" అని నాయన కళ్లు తెరిచి చూస్తే అక్కడ మామ ఇనప బీరువా తప్ప ఏమీ లేదు. తమ్ముడు ఆటలో కుడివైపుకు తిరిగాడు. గోడ చాటు నుంచి శత్రువు వస్తున్నాడు! తమ్ముడు కాల్చడం మరిచిపోయి నవ్వాడు, శత్రువు తమ్ముణ్ని కాల్చేశాడు, నేను నవ్వలేక బల్ల పట్టుకున్నాను. నాయన మాత్రం ఎర్రదాన్ని పక్కకు నెట్టి, మోత వేరు, సవ్వడి వేరు, నాకు సవ్వడి చెప్పేది కావాలని తేల్చేశాడు. మామకు ఉక్రోషం వచ్చింది. చివరికి పందెం కట్టుకున్నారు. నెల తిరిగేలోపు హిందూపురం పిల్లలిద్దరిని ఎర్రవాటితో సహా మా ఊరికి తెస్తాడట. వాళ్లు గెలిస్తే నాయన ఒక రోజంతా ఈ అంగట్లో నిలబడి ఎర్రవే మేలని వచ్చినవాళ్లందరికీ చెప్పాలి. మేం గెలిస్తే మామ ఒక రోజంతా మా ఇంట్లో నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టాలి. పందెం ముగిశాక మామ అలాంటి నల్లవే నాలుగు వెతికి తీసి, వాటి తీగలు పొట్టివని కోసి పొడుగు తీగలు అతికి మాకిచ్చాడు.

ఆదివారం మా ఇంట్లో తుపాకులు మోగలేదు. మగ్గం చప్పుడు మళ్లీ ముందరి గదిలోకి వినబడింది. నాయన పెట్టిన గడువు అలా గడిచిపోయింది, అంటే ఉండొచ్చని. కానీ మా ఎండలకు హెడ్‌ఫోన్ల స్పాంజి మెత్తలు చెమటకు తడిసి ముద్దయ్యేవి. అమ్మ పట్టు ముక్కలతో వాటికి తొడుగులు కుట్టింది, జరీ అంచు కూడా వేసి. పిల్లలు పెళ్లికొడుకుల్లా మురిసిపోయారు గానీ పట్టుకు చెమట ఇంకా ఎక్కువైంది. తర్వాత నూలుగుడ్డతో కుట్టి, రోజూ ఉతికి, దండెం మీద వరసగా ఆరేసేది. వీధిలోవాళ్లు అవేమిటో అర్థంకాక, మా ఇంట్లో ఎవరికో పసిబిడ్డ పుట్టిందనుకున్నారు.

ఇంకో చిక్కు వచ్చింది. చెవులు మూసుకుంటే తమ గొంతు తమకు తెలియదు కదా, పిల్లలు అరిచి మాట్లాడేవాళ్లు. తుపాకులు పోయి "యెనక, యెనక!", "యాడుండావురా?" అనే కేకలు మిగిలాయి. నాయన వచ్చి, నోటికి కూడా ఏదైనా తొడుగు కుట్టమని మీ అమ్మనడుగు అని నవ్వి పోయాడు. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యమొచ్చి ఒక నియమం పెట్టాను. చెప్పాల్సింది ఉంటే బల్ల మీద వేలితో తట్టాలి, చెవులు మూసి ఉన్నా ఆ అదురు పక్కవాడి చేతికి తెలుస్తుంది. ఒకసారి తడితే ఎడమ, రెండుసార్లు తడితే కుడి.

పందెం రోజు రానే వచ్చింది. మామ ఇద్దరు పిల్లలతో, రెండు ఎర్ర హెడ్‌ఫోన్లతో పాసింజరు దిగాడు. మా వైపు తమ్ముడు, వాడి జతగాడు ఆడాలి. జతగాడికి సరిగ్గా ఆ రోజే జ్వరం. గది నిండా జనం, కిటికీకి వేలాడుతూ జనం. అందరూ నావైపే చూశారు. ఎవరూ లేని వేళల్లో నేను కాస్తో కూస్తో ఆడేదాన్ని గానీ పదిమంది ముందు ఎన్నడూ ఆడలేదు. నాయన వైపు చూశాను. "కూర్చో పాపా, ఏమైతాది?" అన్నాడు.

మిగిలింది కిటికీ పక్క సీటు. ఆ సీటు అచ్చిరాదని, అక్కడ కూర్చున్నవాడు ఓడిపోతాడని పిల్లల్లో ఒక నమ్మకం. నేను నమ్మలేదు. కానీ మొదలైన కాసేపటికే రెండుసార్లు చచ్చాను. అడుగులు వినబడుతున్నాయి, తిరుగుతున్నాను, తిరిగిన చోట ఎవరూ ఉండటం లేదు, వెనక నుంచి కాలుస్తున్నారు. మామ మీసం దువ్వడం కంటికొసల్లో కనబడుతోంది. అయిదు ఆటల్లో అప్పటికే రెండు పోయాయి, ఇంకొక్కటి ఓడితే పందెం పోయినట్టే. అప్పుడు నా వెనక నిలబడ్డ నాయన వంగి, నా చెవి మీది గిన్నెను కొంచెం పక్కకు తీసి అడిగాడు.

"ఇప్పుడు వచ్చినోడు నీకు యా చెవిలో వినబడె?"

"ఎడమ చెవిలో నాయనా."

"వాడు వచ్చింది కుడిపక్క నుంచి కదమ్మా!"

అంతే, హెడ్‌ఫోన్లు నా తల మీద నుంచి తీసి, తిరగేసి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు పెట్టాడు. పొడుగు తీగలు అతికేటప్పుడు మామ ఈ ఒక్కదానికి రెండు చెవుల తీగలనూ తారుమారు చేశాడు! సీటు అచ్చిరాకపోవడానికి కారణం అదే. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ గది, ఆ జనం, ఆ మామ అంతా మాయమై, నా చుట్టూ అడుగులే మిగిలాయి. కుడిపక్క మెట్లెక్కుతున్నవాడు, ఎడమపక్క ఆగి ఊపిరి తీస్తున్నవాడు, అందరూ నాకు తెలుస్తున్నారు. నేను రెండుసార్లు తట్టాను, తమ్ముడు కుడికి తిరిగాడు. ఎర్రవి పెట్టుకున్న పిల్లలకు తమ తుపాకుల మోత తప్ప ఏమీ వినబడటం లేదు. వరసగా మూడు ఆటలు గెలిచాం. కిటికీకి వేలాడినవాళ్లు ఒక్కసారిగా అరిచిన అరుపుకు అమ్మ వంటింట్లోంచి చెంబుతో సహా పరిగెత్తుకొచ్చింది.

మామ తీగలు కావాలనే మార్చాడని నాయన, దేవుడి తోడు కాదని మామ, వాళ్లిద్దరూ ఎంతకాలం వాదించుకున్నారో లెక్కలేదు. కానీ మాట ప్రకారం మర్నాడంతా మామ రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టాడు. సగం చిక్కులే. నాయన వాటిని విప్పుతూ, మగ్గం మీద కూర్చొని గొంతెత్తి పాడాడు. ఆయన పాడగా నేను విన్నది ఆ ఒక్కరోజే.

ఆ గది మరి అయిదేళ్లు నడిచింది. తర్వాత ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చాయి, ఆపైన చేతిచేతికీ ఫోన్లు. నేను బడిలో కంప్యూటరు టీచరుగా చేరాను. నాయన, మామ ఇద్దరూ ఇప్పుడు లేరు. తమ్ముడు పెనుకొండలోనే ఉన్నాడు, వాడి పిల్లలు వాడికన్నా బాగా ఆడతారట, ఎవరి గదిలో వాళ్లు, ఎవరితోనో. ఇప్పటి సరుకు మేలైనదే, కాదనను. మామ బీరువాలో ఉన్నవన్నీ కలిపినా దానికి సరితూగవు.

కానీ మా గదిలో వంతు రానివాళ్లు ఆడేవాడి వెనక నిలబడి, అన్నా, ఒక చెవి ఇయ్యన్నా అని బతిమాలేవాళ్లు. ఆడేవాడు విసుక్కుంటూనే ఒకవైపు గిన్నెను బయటికి తిప్పి పట్టేవాడు. వెనకవాడు వంగి, చెంపకు చెంప ఆనించి వినేవాడు. అలా ఒక్క హెడ్‌ఫోనుకు ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు. ఆడేవాడికి ఒక చెవి తగ్గి ఓడిపోయినా, ఇవ్వనని అన్నవాణ్ని నేను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఎవరి రెండు చెవులూ వాళ్లకే ఉన్నాయి. అడిగేవాళ్లు లేరు కాబట్టి, ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారో లేదో నాకు తెలియడం లేదు.