సారీ అన్న మాట మీద బరువు

జనగామలోని శిక్షణ కేంద్రం వరండాలో చివరి పరీక్ష కోసం కూర్చుని, ఎప్పుడు పిలుస్తారా అని తలుపు వైపే చూస్తున్నాను. నెగ్గితే కాల్ సెంటర్‌లో ఉద్యోగం. లేకపోతే బయ్యారం దగ్గరి మా ఊరికి తిరుగు బస్సు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. చదివి ఏం చేస్తోందని ఊరు అడుగుతూనే ఉంది.

నా ఇంగ్లీషు వాక్యాల్లో తప్పులుండేవి కావు. లోపమంతా గొంతులోనే. మా బడిలో ఇంగ్లీషు పాఠాన్ని చేతులు కట్టుకుని, తరగతి అంతా ఒకే గొంతుగా, ప్రతి వాక్యం చివర రాగం ఎత్తి అప్పజెప్పేవాళ్లం. ఆ రాగం నన్ను వదలలేదు. "ఐ యామ్ రియల్లీ సారీ" అని నేను అన్నప్పుడల్లా శిక్షకురాలు తల అడ్డంగా ఊపేవారు.

"మీరు బాధపడటం లేదండీ, పాఠం అప్పజెబుతున్నారు. ఏ మాట మీద బరువు వేయాలో, గొంతు ఎక్కడ దించాలో చూసుకోండి."

పరీక్షకు ముందురోజు హాస్టల్ గదిలో, బాధ వినిపించాలని ప్రతి మాటనూ సాగదీసి సాధన చేశాను. నాతో పాటు ఉండే మహదేవపూర్ అమ్మాయి చెవులు మూసుకుంది.

"అక్కా, జర ఆపు! పార్సిల్ రాలేదని ఫోన్ చేసినోనికి గట్ల శోకం పెడ్తే, ఇంట్ల ఎవరో పోయిన్రనుకుంటడు."

"మరి ఎట్ల అనాలె?"

"నాకేం ఎరుక? నాది గూడ గిదే పరేషాన్."

నన్ను లోపలికి పిలిచారు. పరీక్షకుడు పక్క గదిలో నుంచి, కోపంతో ఉన్న కస్టమర్‌గా ఫోన్‌లో అరవసాగాడు. కూతురి పెళ్లి బట్టలు ఇంకా చేరలేదట. బడి రాగం నా నాలుక చివరి దాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపాను.

ఎందుకో మహబూబాబాద్ దవాఖాన గుర్తుకొచ్చింది. బంధువులను చూడబోయినప్పుడు మా అమ్మ వెంటనే మాట్లాడదు. మంచం అంచున కాసేపు ఊరికే కూర్చుంటుంది. ఆ తరువాతే తగ్గిన గొంతుతో, "ఎట్లున్నది అవ్వా?" అంటుంది.

నేనూ ఆగాను. ఆయన అరుపు పూర్తయ్యాక, ఒక్క ఊపిరి తీసుకుని, "ఐ యామ్ రియల్లీ సారీ" అన్నాను. బరువు 'రియల్లీ' మీద పడింది. 'సారీ' దగ్గర గొంతు దానంతట అదే దిగింది.

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. పరీక్ష తప్పాననుకున్నాను. కానీ ఆయన అరవకుండా, మామూలు గొంతుతో తరువాతి ప్రశ్న అడిగాడు.

సాయంత్రం ఫలితం చెప్పగానే బస్టాండ్ ముందు నుంచి ఇంటికి ఫోన్ చేశాను. నా గొంతు ఇంకా ఆ పరీక్ష గదిలో దిగినట్టే దిగి ఉంది.

"నాయినా, ఉద్యోగం వచ్చింది."



"వచ్చిందంటున్నవు, మరి గొంతెందుకు గట్లున్నది? నిజం చెప్పు బిడ్డా. రాకుంటే ఏమాయె, ఇంటికి రా."

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి నడిరోడ్డు మీద, ఆటోవాళ్లు తిరిగి చూస్తుండగా, బడిలో అప్పజెప్పినట్టే చివర రాగం ఎత్తి అరిచాను.

"వచ్చిందే నాయినా!"

"గట్ల చెప్పు మరి!" అన్నాడాయన.