కొరమీను కావలి కాసిన బావి

మా మరిది పోయాడని వేలూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు, గుడియాత్తం దగ్గరి మా తోటలో, ఆయన ఆపించిన మోటారు పక్కనే నిలబడి ఆయన్నే తిట్టుకుంటున్నాను. వేరుశనగ వాడిపోతోంది. బావిలో కొరమీను పిల్లలతో ఉంది, పైపు వాటిని లాగేస్తుంది, మోటారు వెయ్యొద్దు అన్నాడు. ఆసుపత్రికి పోతూ చెప్పిన మాటా అదే.

ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఏటా తొలి వానలకి ఇదే గోల. భోజనానికి పిలిస్తే రాడు. బావి మెట్ల మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తుంటాడు. చొక్కాకి అంటిన పాచి ఏ సబ్బుకీ వదిలేది కాదు. చేపల పులుసు తినే చుట్టాలకి కూడా పాఠం తప్పదు: జతకట్టినవి రెండూ నాచు పక్కకి తోసి చోటు చేసుకుంటాయి, గుడ్లు నీటిపైన తేలతాయి, పిల్లలు ఎర్రగా ఒకే గుంపుగా తిరుగుతాయి, వాటి కింద తండ్రి కావలి. మా ఆయన పోయాక ఈ తోటని నాతో కలిసి నిలబెట్టింది మరిదే, అది కాదనను. కానీ విసిగించని రోజు లేదు.

ఒకసారి నాకు ఒళ్ళు మండింది. "నీ కొడుకు బడి నుంచి వచ్చే వేళకి నువ్వెప్పుడన్నా ఇంట్లో ఉండినావా అప్పా? తల్లి లేని బిడ్డకి అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది నేను."

ఆయన తల ఎత్తలేదు. "అందుకే చూస్తా ఉండా వదినా, ఇది ఎట్ల చేస్తాదో" అన్నాడు.

కర్మ అయిన మరునాడు ఆ కొడుకు తోటకి వచ్చాడు. జోలార్పేటలో రైల్వే ఉద్యోగం వాడిది. నేరుగా మోటారు గదికి నడిచాడు.

"నీళ్ళన్నీ తోడేసి చేపల్ని పట్టించేస్తా పెద్దమ్మా. పైరు ఎండతా ఉండాది. నన్నెప్పుడన్నా ఇట్ల చూసుకున్నాడా ఆయన?"

"లేదు నాయనా" అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నాకు తెలుసు. "స్విచ్చి వేసే ముందు ఒకసారి వచ్చి చూడు."

ఎర్రటి గుంపు చివరి మెట్టు వారకి వచ్చింది. వాడు చెయ్యి పెట్టగానే కింద నుంచి నల్లగా ఒకటి లేచి, వాడి ముఖానికి నీళ్ళు కొట్టి, మళ్ళీ పిల్లల కిందికి పోయింది.

"ఎన్నాళ్ళు కాస్తాది ఇట్ల?"

"పిల్లల ఎరుపు పోయేదాకా. ఆ తర్వాత దేని దారి దానిది." మరిది మాటలే. వినీ వినీ నాకు కంఠతా వచ్చేశాయి.

వాడు ముఖం తుడుచుకోలేదు. పక్క తోట వాళ్ళని పైరుకి నీళ్ళు అడగాలని నేను మెట్లెక్కాను. వెనక్కి చూస్తే, ఇస్త్రీ ప్యాంటు తడుస్తున్నా అక్కడే కూర్చుని, గుంపు వైపు ఈదుకుంటూ వస్తున్న కప్పని పుల్లతో అవతలికి తోలుతున్నాడు.