గుండెకు వాత పెట్టించుకున్న ఖాలమ్మ

మా ఖాలమ్మ పోయిన శుక్రవారం చనిపోయింది. గుండెతోనే పోయిందని మా వాడంతా తేల్చేసింది. ముందు ఆ మాట సరిచేయాలి. ఆమెను తీసుకుపోయినవి పచ్చకామెర్లు. గుండె ఆఖరిదాకా నిలబడింది.

సిద్దిపేటలో మా గోడ పక్క గోడ వాళ్లది. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని; పుట్టినప్పటినుంచీ నాకు ఖాలమ్మే. గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. కొమురవెల్లి జాతర ఉన్నన్నాళ్లూ అక్కడే దుకాణం పెట్టేది. ఉన్నట్టుండి గుండె పరుగందుకునే జబ్బు ఆమెకు. ఆరేళ్ల కింద హైదరాబాదు దవాఖానలో, తొడ నరంలోంచి సన్నని తీగ పంపి, గుండెలో ఆ పరుగు పుట్టే జాగాను కాల్చారు. మాకు తెలిసిన కాల్చడం ఒకటే, రోగాలకు పెట్టే వాత. "గుండెకు వాత పెట్టిన్రట" అని వాడంతా పాకింది. కొన్నాళ్లకు ఆమే నవ్వుతూ అదే మాట చెప్పుకునేది.

ఆ నవ్వు వెనక భయం నాకు తెలుసు. మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పి పంపాడు డాక్టరు. అప్పటినుంచి మాట్లాడుతూనే రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టుకునేది. ఒక్క దెబ్బ తప్పినా మొహం తెల్లబడేది. చాయ్ మానేసింది, ఉండలేక మళ్లీ పట్టింది. "ఇంకెన్నేండ్లు చూస్కుంటవ్ ఖాలమ్మా?" అని ఒకసారి విసుక్కున్నాను. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

"భయమైతది బిడ్డా, అబద్ధమెందుకు? భయమని ఇంట్ల కూసుంటే ఆ భయం ఇంట్లకు గూడ అస్తది. అందుకే మలారం ఎత్తుకుంట. నా ఎంబడి తిరుగుమను. కాళ్లు దానియే నొస్తయి" అంది.

నాలుగేళ్ల కింద నా పెళ్లికి ఆమే గాజులు తొడగాలని పట్టుబట్టాను. మా మేనత్త వద్దంది. "గుండె జబ్బామె, చెయ్యి వణుకుతది. పెండ్లిపిల్ల గాజు పెరిగితే ఎట్ల?" గాజు పగిలిందని మేము అనము, పెరిగిందంటాము. ఆ మాట గోడ అవతలికి వినబడింది. అది వాడంతా పాకితే ఇక ఖాలమ్మకు ఏ పెళ్లిపిలుపూ రాదనుకున్నాను. పిలవకుండానే వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. నాలుగో గాజు దగ్గర ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. గాజు రెండు ముక్కలైంది.

"పెరిగిందనే గద మీరనేది?" అంది ఖాలమ్మ, మేనత్త కళ్లలోకి చూస్తూ. "నా గుండె గూడ కాల్చినంక పెరిగింది. ఇగ అవుతల చెయ్యి పట్టు బిడ్డా."

చెమటలు కారుతున్నా రెండు చేతులూ నిండేదాకా లేవలేదు. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు. మరుసటేడు మేనత్త కూతురికీ ఆమే తొడిగింది.

భయమెరుగని మనిషని ఇప్పుడు పొగుడుతున్నారు. అదీ తప్పే. ఆరేళ్లూ భయపడుతూనే తిరిగింది. నా బతుకులో అంతకన్నా ధైర్యం నేను చూడలేదు.

చివరిసారి చూసింది దవాఖానలో. కళ్లు పచ్చబడ్డాయి, మాట పీలగా వస్తోంది. సిస్టరమ్మ గడియారం చూస్తూ నాడి లెక్కపెడుతోంది. ఎంతుందని ఖాలమ్మ అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. రెండో చెయ్యి మెల్లగా జరిపి, ఆ పిల్ల వేళ్ల కణుపులు నొక్కి చూసింది.

"రెండు నాలుగు సైజు గాజులు," అంది. "ఎర్రయి మంచిగుంటయి నీకు."

సిస్టరమ్మ నవ్వేసి, లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.