చంద్రుడికి మైల వచ్చిన నెల

మొన్న సాయంత్రం వంటింట్లో శనగ గుగ్గిళ్లకు ఇంగువ పోపు పెడుతున్నాను. నడింట్లోంచి ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు వినిపించాయి. ఏమైందోనని గరిటెతోనే వచ్చి చూస్తే, మన దేశం పంపిన బండి చంద్రుడి మీద దిగిందని టీవీలో చూపిస్తున్నారు. అందరి కళ్లూ అటే ఉన్నాయి. నాకు మాత్రం చేతికంటిన ఇంగువ వాసనే ముక్కుకు తగులుతోంది. సంకష్టి నాడు నాగమ్మత్త చేతులు సరిగ్గా ఇదే వాసన వేసేవి. ఆమె పోయి చాలాకాలమైంది, మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. రాయచూరు దగ్గర మట్మారిలో నేను కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఇంటికి పక్కిల్లు ఆమెది. నా బడి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదేమైనా ఉంటే అది ఆమె అరుగు మీద కూర్చుని నేర్చుకున్నదే.

నాగమ్మత్త పొట్టి మనిషి, గొంతు మాత్రం నాలుగు చేల అవతలికి వినిపించేది. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి ఆమెకు సిగ్గుండేది కాదు. "నాకు సమజ్ గాలె, మల్ల చెప్పు" అని ఎంతటివాళ్లనైనా నిలబెట్టి అడిగేది. ఆమెకు ఒక్కడే కొడుకు, ఈరన్న. నేను చెప్పబోయే సంగతికి ముందటి ఏడాది, విత్తనాల వేళ తండ్రి తిమ్మప్ప మామ నలుగురి ముందు చేయి చేసుకున్నాడని అలిగి, విత్తే గొర్రుకు కట్టిన ఎడ్లను కట్టినట్టే చేనులో వదిలి వెళ్లిపోయాడు. కాలువ నీళ్లొచ్చిన బాళగనూరు వైపు వరి మళ్లలో కూలికి కుదిరాడని తర్వాత తెలిసింది. ఆ ఎడ్లు పొద్దు వాలేదాకా మెడ మీద కాడితో ఎండలో నిలబడ్డాయి. "నోరులేని జీవాలను ఎండకు నిలవెట్టినోడు నా గడప తొక్కొద్దు" అన్నాడు తిమ్మప్ప మామ. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాడాయన. కొడుకు ఇల్లు చేరాలని నాగమ్మత్త నెలనెలా సంకష్టి చవితి పట్టింది. పొద్దంతా ఉత్త నీళ్లతో ఉండి, చంద్రుడు కనిపించాక అర్ఘ్యం విడిచి, అప్పుడు ముద్ద ముట్టాలి. ఆషాఢంలో వచ్చే చవితితో మొక్కు తీరుతుంది. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచి పట్టాల్సిందే.

సరిగ్గా ఆ ఆషాఢంలోనే మనుషులు చంద్రుడి మీద దిగారు. ఊళ్లో రేడియో ఉన్నది కిరాణా దుకాణం శంకరప్పకే. అది కన్నడంలో చెప్పిన ఖబరును అతడు మాకు తెలుగులో, పక్క వీధి వాళ్లకు ఉర్దూలో చెప్పేవాడు. మేమిద్దరం ఇంగువ కోసం వెళ్లినప్పుడు అతడి ముఖం వెలిగిపోతోంది.

"అత్తా, అమెరికోళ్లు చంద్రుని మీద నడిసిండ్రు!"

"బూట్లతోనా?" అంది నాగమ్మత్త వెంటనే.

"బూట్లతోనే. ఆడ గాలే లేదంట. ఒళ్లంత కప్పుకోకుంటే సస్తరంట."

"దేవుని మీద బూట్లతో నడిస్తె ఎట్లరా? మల్ల నేను అర్ఘ్యం ఎవనికియ్యాలె?"

"ఆడ దేవుడు లేడత్తా. ఉత్త రాళ్లు, దుమ్ము."

"రాళ్లల్ల దేవుడు లేకుంటె గుడిల ఉన్నదేందిరా?"

శంకరప్ప ఇంగువ పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టాడు. నాగమ్మత్త రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పోయిండ్రు సరే. తిరిగొచ్చిండ్రా?" అని అడిగింది. ఇంకా రాలేదన్నాడు. ఊరంతా వెళ్లడం గురించే మాట్లాడుకుంటుంటే, రావడం గురించి అడిగింది ఆమె ఒక్కతే.

ఆ కొన్నాళ్లూ ఊరు ఊరంతా పరేషాన్. పంచాంగం చెప్పే అయ్యవారిని అడిగితే, వాళ్లు దిగింది మన చంద్రుడి మీద కాదు, వెనకాల ఇంకొకడున్నాడని చెప్పాడు. రాయచూరు టాకీసులో వచ్చిన ప్రతి ఆటా చూసొచ్చే మా ఆడబిడ్డకు వేరే దిగులు పట్టుకుంది. సినిమా పాటల్లో హీరోయిన్ ముఖాన్ని చందమామ అంటారు కదా, పేపర్లో చూస్తే చందమామంతా గుంతలే. "ఇంక ఎవడన్న నన్ను చందమామ అంటె సెంప పగలగొడ్త" అంది. అనేవాడింకా దొరకలేదు కదే అని మేమంతా నవ్వాం. నాగమ్మత్త మాత్రం నవ్వలేదు.

ఆమె తికమక నాకు పూర్తిగా అర్థమైంది ఈ మధ్యనే. మా మనవరాలు బెంగళూరులో కంప్యూటర్ పని చేస్తుంది. ఏం పనే అది అని అడిగితే, "అవ్వా, దానికి అన్నీ వరసగా రాసిపెడతాను. ఇట్లయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి అని. అది అట్లే చేస్తుంది" అంది. నేను ఆశ్చర్యపోయాను. "సంకష్టి గూడ గంతే గదనే! చంద్రుడు కనవడితే అర్ఘ్యమియ్యి. మబ్బు వడితే పళ్లెంల బియ్యంతోని చంద్రుణ్ణి చేసి దానికియ్యి. గింతదానికి నెలనెలా జీతమిస్తరా?" అన్నాను. అది పడీ పడీ నవ్వింది. "మరి నువ్వు రాసిపెట్టనిది ఎదురైతేనో?" అంటే, "ఆగిపోతుంది అవ్వా. లేదంటే పిచ్చిపిచ్చిగా చేస్తుంది" అని చెప్పింది. చంద్రుడి మీద మనుషులు తిరిగితే ఏం చేయాలో మా పెద్దలు రాసిపెట్టలేదు. అందుకే ఆ నెల మట్మారి కొంచెం ఆగిపోయింది, కొంచెం పిచ్చిపిచ్చిగా చేసింది.

చవితికి కొన్ని రోజుల ముందు శంకరప్ప మమ్మల్ని పిలిచి కొత్త ఖబరు చెప్పాడు. వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొచ్చారట. కానీ ఇంటికి పంపలేదట. అక్కడి పురుగేదైనా అంటుకుని ఉంటుందేమోనని వేరే గదిలో పెట్టి, పెళ్లాం పిల్లల్ని కూడా ముట్టనివ్వడం లేదట. నాగమ్మత్త మెల్లగా దుకాణం గడప మీద కూర్చుంది. ఆమె ముఖంలో అన్నాళ్ల మబ్బు విడిపోవడం నా కళ్లతో చూశాను.

"మైల వట్టిండ్రు! సూసినవా పిల్లా? చంద్రునికేం గాలె. మైల అంటింది ఆడికి పోయినోళ్లకే. దినాలు తీరినంక తానం జేపిచ్చి ఇంట్లకు తోల్కపోతరు."

అది మైల కాదని, రోగం భయమని శంకరప్ప చెప్పబోయాడు. పురిటింట్లో మనం చేసేది మాత్రం ఏమిటని ఆమె అడిగింది. అతడు బుర్ర గోక్కున్నాడు. నేను ఇప్పటికీ గోక్కుంటూనే ఉన్నాను.

చవితి రోజు పొద్దు గుంకేసరికి మబ్బు దట్టంగా కమ్మింది. చంద్రుడు వచ్చే వేళ దాటినా జాడ లేదు. నాగమ్మత్త పళ్లెంలో బియ్యాన్ని గుండ్రంగా సర్ది, కుంకుమ పెట్టి, అర్ఘ్యం విడిచింది. గుగ్గిళ్ల గిన్నె పక్కనే ఉంది. కానీ తినలేదు. అరుగు మీద చుట్ట కాలుస్తున్న మొగుడి ముందుకు వెళ్లి నిలబడింది. నేను గుంజ పక్కనే ఉండిపోయాను.

"ఏమయ్యా, చంద్రుని మీదికి పోయొచ్చినోళ్లను గూడ మైల తీరినంక ఇంట్లకు రానిస్తరంట. గడప తొక్కొద్దని ఎవ్వరనలె. మన పోరడు బాళగనూరు పోయిండు. బాళగనూరు చంద్రుని కన్న దూరమా?"

తిమ్మప్ప మామ నోట్లోంచి చుట్ట తీశాడు. తర్వాత, "వాళ్లు ఎడ్లను ఎండల ఇడిసి పోలె గద" అన్నాడు.

"వాళ్లకు ఎడ్లెక్కడియి? పెండ్లాలను ఇడిసి పోయిండ్రు!"

చుట్ట ఆరిపోయింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎన్ని దినాలు ఉంచుతరంట వాళ్లను?" అని అడిగాడు. నాగమ్మత్త నా వైపు చూసింది. నాకేం తెలుసు? తెలియదన్నట్టు తలూపాను.

"ఎన్నైతే అన్ని. అన్ని దినాలు కొట్టంల ఉండుమను. ఆ ఎడ్ల కాడ్నే" అన్నాడు మామ.

అప్పుడు తిన్నది ఆమె. గిన్నె నా వైపు జరిపి, కళ్లు తుడుచుకుంటూ తిన్నది.

శంకరప్ప సరుకు లారీలో కబురు పంపితే ఈరన్న వచ్చాడు. కొట్టంలోనే పడుకున్నాడు, అక్కడే తిన్నాడు, ఎడ్లను కడిగాడు, మేపాడు. తండ్రి రోజూ ఆ పక్కనుంచే మాట్లాడకుండా వెళ్లేవాడు. ఒక పొద్దున ఆగి, "నీళ్లు తాపినవా వాటికి?" అన్నాడు. అంతే. నాగమ్మత్త దినాలు తీరాయని తేల్చేసింది. పొయ్యి మీద నీళ్లు పెట్టి, మీసాలొచ్చిన కొడుకుని పెరట్లో బండ మీద కూర్చోబెట్టి, తానే నీళ్లు పోసింది. ఎందుకు వెళ్లావని ఒక్కసారీ అడగలేదు.

చంద్రుడు దేవుడో, మట్టిగడ్డో నాకింకా తేలలేదు. చవితి నాడు దండం పెడతాను, టీవీలో చూపిస్తే చప్పట్లూ కొడతాను. కానీ మా ఇంట్లోనూ కోపంతో గడప దాటినవాళ్లున్నారు. కొందరు నెలకొచ్చారు, ఒకడు మూడేళ్లకొచ్చాడు. వాళ్లను చూడగానే నేను పొయ్యి మీద నీళ్లు పెడతాను. అవి కాగేలోపు చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. చెప్పకపోతే, చన్నీళ్లు కలిపి, స్నానానికి రమ్మని పిలుస్తాను.