పువ్వు గుర్తు కెమెరా

నాయన పట్టుచీరను కళ్ళతో చూసేవాడు కాదు. నేతగాడు చీర తెచ్చి చాప మీద పరిస్తే, కళ్ళు మూసుకుని అంచు నుంచి అంచుకు అరచేయి పోనిచ్చేవాడు. పోగు తప్పిన చోట చేయి ఆగేది. ఎప్పుడైనా అనుమానం తీరకపోతే, మాకు నేసేవాళ్ళలో పెద్దాయన్ని పిలిచి తడిమి చూడమనేవాడు. ఆయన మాటే ఆఖరు. ఆయన్ని నేను మామా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు.

నాయన పోయాక ధర్మవరంలో ఆ పట్టుచీరల వ్యాపారం నా చేతికి వచ్చింది. సోమవారం నేతగాళ్ళు చీరలు అప్పగించి, తరువాతి చీరలకు పడుగు దారం, అంటే వార్పు, తీసుకుపోవడం మా దగ్గర రివాజు. మొదటి నెలలోనే అలాంటి సోమవారం, పదిమంది ముందు నేనూ నాయనలాగా కళ్ళు మూసుకుని చేయి పోనిచ్చి, బాగుందని ఒక చీర మడత పెట్టబోయాను. మామ పక్కనుంచి రెండు వేళ్ళు పెట్టి తప్పిన పోగు చూపించాడు.

"మీ నాయన చెయ్యి నీకు రాలేదల్లుడా," అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన ఎగతాళిగా అనలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆరోజు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

చేయి రాకపోతే కన్ను కొనుక్కుంటాననుకుని డిజిటల్ కెమెరా కోసం హిందూపురం పోయాను. జేబులో ఒక పట్టు పేలిక పెట్టుకున్నాను. అందులో ఒక పోగు తప్పి ఉంది. ఆ పోగును ఏ కెమెరా తేటగా చూపిస్తే అదే కొనాలని నా లెక్క.

"జూమ్ చూడన్నా. పెనుకొండ కోట మింద నిలబడినోని మొగం ఈన్నించే తెలుస్తాది," అన్నాడు అంగడతను మొదటి కెమెరా తీసి.

"దూరం నాకెందుకప్పా. దగ్గర కావల్ల."

పేలిక దగ్గరికి తీసుకుపోతే అందులో మసక తప్ప ఏమీ లేదు. రెండోదానికి ఫ్లాష్ వెలిగి పేలిక మీది జరీ అంతా తెల్లటి మెరుపైపోయింది, పోగులే కనబడలేదు. మూడోదాని మీద చిన్న పువ్వు గుర్తున్న మీట ఉంది. అది నొక్కి లెన్సును వేలెడు దూరానికి తెచ్చినా పోగు పోగూ విడివిడిగా కనబడింది. తప్పిన పోగు ఊడిన పన్ను సందులా బయటపడింది.

"దుడ్లు పెట్టి కొనేటోల్లు పెండ్లిండ్లకు తీస్తారన్నా. నువ్వేంది, గుడ్డపేలికకు తీస్తాండావు," అని అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఎవరి చీర మొదట దీని కింద పెట్టాలో అప్పటికే నిర్ణయించుకున్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆ వారమంతా ఉప్పుకల్లు, ఈగ కాలు, మా ఆవిడ గోరు, ఏదీ వదల్లేదు. సోమవారానికి కంప్యూటర్ తెరను నేతగాళ్ళు కూర్చునే వైపుకు తిప్పి పెట్టాను.

మామ మెరూన్ రంగు చీర పరిచాడు. లెన్సు గుడ్డకు తగిలేంత దగ్గరగా పెట్టి, అక్కడా ఇక్కడా నాలుగు ఫోటోలు తీశాను. మూడోదాన్ని తెర మీద పెద్దది చేస్తే, చీర ఒంట్లో ఒక పోగు తాడంత లావున పైకి లేచి ఉంది. కంటికి కనబడనిది కెమెరా పట్టిందని నా గుండె పొంగింది.

మామ తెర వైపు చూడలేదు. చీర మీద వేళ్ళు పోనిచ్చి, ఆ చోట ఆగి, రెండుసార్లు తడిమాడు.

"ఇది నేత తప్పు గాదల్లుడా. నేసినాంక ఎవరో పోగు లాగినారు. పొద్దున మడత పెట్టినప్పుడు లేదు."

"ఎవరు లాగుతారు మామా? ఈడికొచ్చినాంక నేను తప్ప ఎవరూ ముట్టుకోల్యా."

"అది నాకు తెలీదు. నా వేళ్ళకు తెలిసింది చెప్తాండా."

"వేళ్ళ మాట వదిలెయ్. ఇంత పెద్ద బొమ్మ ఉండాది గదా. పోగు యాడ లేసిందో తెర మింద చూపీ."

ఆయన కొంతకాలంగా గుమ్మం తడుముకుని లోపలికి రావడం నేను గమనించాను. తెలిసే అడిగాను. ఆయన లేచి తెర దగ్గరికి వచ్చి, ఏమీ లేని ఒక మూల వేలు పెట్టాడు. ఎవరో దగ్గారు.

"ఇంగోసారి చూడు మామా," అన్నాను.

ఇంకో చోట పెట్టాడు. అలా మూడుసార్లు పెట్టించాను. ఆ తరువాత అందరికీ వినబడేలా, "కండ్లు కనపడనోనికి వార్పు ఎట్లిచ్చేది?" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కొత్త వార్పు పోగుల్ని మగ్గం మీది పాత కొసలకు బూడిద చేత్తో మెలిపెట్టి అతకాలి. ఆయన భార్య బూడిద జల్లించుకుని ఎదురుచూస్తూ కూర్చుందట. ఆయన ఉత్త చేతులతో ఇంటికి పోయాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఇంకే వ్యాపారీ ఆయనకు వార్పు ఇవ్వలేదు.

రెండు వారాలకు ఒక పసుపు చీరను కిటికీ వెలుతురులో చూశాను. ఏ తప్పూ లేదు. ఫోటో తీశాను. తెర మీద ఒక పోగు పైకి లేచి ఉంది. లెన్సు చుట్టూ ఉన్న ఉంగరాన్ని బొటనవేలితో తడిమితే, నువ్వుగింజలో సగమంత ఇనుప ముల్లు తగిలింది. లెన్సు కదిలినప్పుడల్లా ఆ ముల్లే పోగును లాగుతోంది.

ఆకురాయితో రుద్ది దాన్ని నున్నగా చేశాను. మామ ఇల్లు రెండు వీధుల అవతలే. పోలేదు. పోతే ఆ పదిమందికీ తెలుస్తుంది, మళ్ళీ నవ్వుతారు. నేను తప్పించుకున్నది ఆ నవ్వు ఒక్కటే. ఆయన మగ్గం విప్పి అమ్ముకున్నాడు.

కొన్నేళ్ళకు పెనుకొండ బస్టాండులో ఆయన కనబడ్డాడు. కూతురి ఇంట్లో ఉంటున్నాడట. నా గొంతు గుర్తుపట్టి, బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, నాయన గురించి మాట్లాడాడు. మాటల్లో ఆయన వేళ్ళు నా చొక్కా చేతి మీద ఒకచోట ఆగాయి.

"ఈడ పోగు లేసినట్టుండాదల్లుడా," అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదులే. నా వేళ్ళు అబద్దాలు నేర్చినాయి. ఆపొద్దు నువ్వే గదా చూపిచ్చింది."

చొక్కా వైపు చూశాను. బస్సు కిటికీ రేకు తగిలిందేమో, ఆయన వేలి కిందే ఒక పోగు లేచి ఉంది.

"ఏమీ లేదు మామా," అన్నాను.

ఆయన తలూపి చేయి తీసేసుకున్నాడు.